రాజీ కాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దు

దెబ్బ పడేది పేట మీద. రాజీ కుదిర్చేది ఊరు. మన పల్లెల్లో న్యాయం ఇన్నేళ్ళుగా ఈ రెండు ముక్కల మధ్యే నడుస్తోంది.

అత్తిలి చుట్టుపక్కల ఏ పేటలో అడిగినా చెబుతారు. మనవాణ్ణి కొట్టిన మర్నాడు పోలీసు కంటే ముందు పెద్దమనుషులు వస్తారు. అరుగు మీద కూచుంటారు. "అయ్యిందేదో అయ్యింది. పొద్దున లేస్తే మొహమొహాలు చూసుకోవాల్సినవాళ్ళం. స్టేషన్లూ కోర్టులూ మనకెందుకు?" అంటారు. ఆసుపత్రి ఖర్చు మేం ఇప్పిస్తాం అంటారు. దాళ్వాకి ఎకరం చేను కౌలుకి చెబుతాం అంటారు. మాట వినకపోతే సార్వా కోతలకి మిమ్మల్ని ఎవరు పిలుస్తారో చూసుకోండి అని కూడా అంటారు. సాయంత్రానికి ఒక తెల్లకాగితం తయారవుతుంది. "మాలో మేము సర్దుకున్నాము, ఏ కేసూ అవసరం లేదు" అని రాసి ఉంటుంది. కొట్టినవాడు సంతకం పెడతాడు. దెబ్బ తిన్నవాడు వేలిముద్ర వేస్తాడు.

ఈ పక్షం మేం మాట్లాడదల్చుకున్నది ఆ కాగితం గురించే. అది ఒక కుటుంబం సొంత సంగతి అని చాలామంది అనుకుంటున్నారు. అక్కడ పడిన ప్రతి వేలిముద్రా రేపు పక్క పేట పెట్టబోయే కేసు కాళ్ళు విరగ్గొడుతుంది అని మేం అంటున్నాం. ఎలాగో చెబుతాం.

ముందు చట్టం సంగతి. గట్టు తగాదా, అప్పు తగాదా ఇద్దరి మధ్య ఉండేవి. వాళ్ళు కూచుని తెంచుకోవచ్చు. మనిషిని చంపటం, చంపబోవటం, ఆడమనిషి మీద పడటం, గుండు గీసి అవమానించటం వేరు. వీటిని చట్టం సమాజం మొత్తం మీద జరిగిన నేరంగా లెక్క కడుతుంది. అందుకే కోర్టు కాగితంలో ముద్దాయి మీద కేసు నడిపేది రాజ్యం. దెబ్బ తిన్నవాడు మొదటి సాక్షి. కేసు అతని సొంత సొత్తు కాదు, అమ్ముకోవటానికి. ఊరి పెద్దల సొంత సొత్తు అంతకన్నా కాదు, కొనుక్కోవటానికి.

ఏ నేరంలో రాజీ పడొచ్చో, ఏ నేరంలో పడకూడదో చట్టంలోనే పట్టిక వేసి ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 320వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి దాని బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో అది 359వ సెక్షన్. చేత్తో కొట్టిన చిన్న దెబ్బ రాజీ పడదగ్గ నేరం. హత్య, అంటే పాత 302, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 103, రాజీకి రాదు. హత్యాయత్నం, అంటే పాత 307, ఇప్పటి 109, రాజీకి రాదు. మానభంగం రాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఉన్న ఏ నేరమూ ఆ పట్టికలో లేదు. రాజీ పడకూడని నేరాన్ని తెంచే అధికారం లోక్ అదాలత్‌కే లేదు. లోక్ అదాలత్‌కి లేని అధికారం రావిచెట్టు కింద కూచున్న నలుగురికి ఎక్కణ్ణుంచి వచ్చింది?

అసలు కిటుకు ఇక్కడుంది. రాజీ పెద్దమనుషుల అరుగు మీద మొదలవుతుంది అనుకుంటాం. చాలాసార్లు అది స్టేషన్‌లో, రిపోర్టు రాసే చోటే మొదలవుతుంది. "కులం మాట ఎందుకు, కొట్లాట అని రాద్దాం, తొందరగా తేలిపోద్ది" అని ఎవరైనా అంటే మన మంచికే చెప్పినట్టు ఉంటుంది. కులం మాట తీసేస్తే మిగిలేది చిన్న దెబ్బ. చిన్న దెబ్బ అయితే రాజీ పడొచ్చు. తల పగిలిన సంగతి రిపోర్టులోకి ఎక్కకపోతే కర్రదెబ్బ చేతిదెబ్బ అయి కూచుంటుంది. ముందు కాగితంలో నేరాన్ని కుదిస్తారు. తర్వాతి కాగితంలో దాన్ని మాయం చేస్తారు. రెండూ ఒకే పనిలో రెండు సగాలు.

ఈ అత్యాచారాల చట్టం మనకి ఎవరూ దానం ఇవ్వలేదు. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. 1976లో దాని పేరు పౌరహక్కుల రక్షణ చట్టంగా మార్చారు. బావి దగ్గర, గుడి దగ్గర, హోటలు దగ్గర అడ్డుకుంటే శిక్ష అన్నది ఆ చట్టం. కత్తులూ గొడ్డళ్ళూ పట్టుకుని పేట మీద పడితే ఏమిటన్న ప్రశ్నకి దాని దగ్గర సరైన జవాబు లేదు. 1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారం చేశారు. గొడవ మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. పల్లె పల్లె అంతా చీరాల వచ్చి కూచుంది. అక్కడి నుంచి దళిత మహాసభ లేచింది. మన గోదావరి గడ్డ మీద, కోనసీమ కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేసి ఆ జనం పక్కన నిలబడ్డారు. ఈ దేశంలో ఇలాంటి ఎన్నో పేటల చావుల మీద, వాటి కోసం రోడ్డెక్కిన జనం ఒత్తిడి మీద 1989లో పార్లమెంటు ఈ చట్టం చేసింది. 1990 జనవరి 30న అమల్లోకి వచ్చింది. దాని నిబంధనలు 1995లో వచ్చాయి.

చట్టం వచ్చి ఏడాదిన్నర నిండిందో లేదో, 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న దగ్గర మొదలై, పేటని వెలి వెయ్యటం మీదుగా నడిచి, హత్యాకాండ దాకా వెళ్ళింది.

ఈ రెండు చోట్లా పేట జనం రాజీ పడలేదు. ఏం జరిగింది? ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. కారంచేడు కేసులో కింది కోర్టు వేసిన శిక్షల్ని 1998లో హైకోర్టు కొట్టేసింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, మరో 29 మందికి మూడేళ్ళ జైలు వేసింది. నేరం జరిగిన 23 ఏళ్ళకి. చుండూరు జనం "కోర్టు మా ఊళ్ళోకే రావాలి" అని పట్టుబట్టి సాధించారు. ప్రత్యేక కోర్టు చుండూరులోనే పెట్టారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకి వెళ్ళారు.

"మరి రాజీ పడకుండా వాళ్ళకి ఒరిగిందేమిటి?" అని పెద్దమనిషి అడుగుతాడు. మనలో కొందరూ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఇది. హైకోర్టులో ఓడినవాడికి సుప్రీంకోర్టు గడప ఉంది. రాజీ పడినవాడికి ఏ గడపా లేదు. చుండూరు పేటలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఏళ్ళ తరబడి ఆగి బోనెక్కి పేర్లు పెట్టి చెప్పారు. ఆ మాటలు కోర్టు రికార్డులో ఉన్నాయి. వాటిని నమ్మినా నమ్మకపోయినా ఏ జడ్జీ చెరపలేడు. రాజీ కాగితం మాత్రం నేరం జరగనే లేదు అని రాసిచ్చిన కాగితం. చచ్చినవాడు చావలేదనీ, తిట్టినవాడు తిట్టలేదనీ మన వేలితో మనమే రాసిచ్చినట్టు.

ఇంకో కేసు చెబుతాం. గోదావరికి అవతల, రామచంద్రపురం దగ్గర వెంకటాయపాలెం. 1996 డిసెంబరు 29న అయిదుగురు దళితుల్ని హింసించి, అందులో ఇద్దరికి గుండు కొట్టించి, కనుబొమలు గీయించారు. ముద్దాయిల్లో అప్పటి శాసనసభ్యుడు ఉన్నాడు. ఈ కేసు ఎంత కాలం సాగిందో లెక్క పెట్టుకోండి. ఆ రోజు పుట్టిన పిల్లకి పెళ్ళయి పిల్లలు పుట్టే వయసు వచ్చింది. ప్రభుత్వాలు మారాయి. ఆయన పార్టీలు మారాడు. 2024 ఏప్రిల్ 16న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు, అప్పటికి ఎమ్మెల్సీగా ఉన్న ఆయనకీ మిగతావాళ్ళకీ నేరం రుజువైందని తేల్చి 18 నెలల జైలు శిక్ష వేసింది. పై కోర్టుకి వెళ్ళే హక్కు వాళ్ళకి ఉంది. 27 ఏళ్ళకి 18 నెలలేనా అని కడుపు మండుతుంది. మండాలి. కానీ ఆ బాధితులు మధ్యలో ఏ ఒక్క సాయంత్రమైనా ఒక తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి ఉంటే ఆ తీర్పు వచ్చేదా? అధికారంలో ఉన్నవాణ్ణి నేరస్తుడని ఒక జడ్జి నోట అనిపించింది వాళ్ళ ఓపిక.

ఇప్పుడు మన ఇంటి పక్కకే వద్దాం. పాలకోడేరు మండలం గరగపర్రు మనకి ఎంత దూరం? 2017 ఏప్రిల్లో అక్కడ దళితులు మిగతా నాయకుల విగ్రహాల పక్కన అంబేద్కర్ విగ్రహం పెట్టారు. రాత్రికి రాత్రి దాన్ని తీసేశారు. పేట నిలదీసింది. దాంతో వెలి మొదలైంది. కూలికి పిలవటం మానేశారు. కౌలు చేల నుంచి తప్పించారు. కొట్లో సరుకు ఇవ్వటం లేదని జనం గోలపెట్టారు. ఎవరి ఒంటి మీదా గాయం లేదు. అయినా అది దెబ్బే. కూలీనాలీ చేసుకునేవాడి పొయ్యి ఆర్పటం, వాడి చెయ్యి విరిచినదానికి తక్కువేం కాదు.

ఆ వెలిని నేరంగా చెప్పే సెక్షన్ అప్పటికే ఉంది. 2015లో చట్టాన్ని సవరించి, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చారు. సాంఘికంగా గానీ ఆర్థికంగా గానీ బహిష్కరించటం, బహిష్కరిస్తామని బెదిరించటం ఇప్పుడు 3(1)(జడ్‌సి) కింద నేరం. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా జైలు. గరగపర్రు వెలి గురించి అల్లరి రాష్ట్రమంతా పాకాక జూన్‌లో గానీ కేసు కట్టి కొందర్ని అరెస్టు చెయ్యలేదు. పరామర్శకి వచ్చిన నాయకుల్లో రెండు వర్గాలూ కలిసిపొమ్మని చెప్పి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. కలిసి ఉండటం మాకూ ఇష్టమే. వెలి వేసినవాడు చట్టం ముందు నిలబడ్డాక కలుద్దాం. నిలబడకుండా కలవటం అంటే మళ్ళీ ఎప్పుడు కావాలంటే అప్పుడు వెలి వెయ్యటానికి వాడికి సెలవిచ్చినట్టే.

సార్వా కోతలకి ఎవరు పిలుస్తారో చూసుకోండి అని అరుగు మీద కూచుని అన్న పెద్దమనిషి మాటని ఈ సెక్షన్ పక్కన పెట్టి మళ్ళీ చదవండి. కేసు పెట్టారన్న కోపంతో పేట మొత్తానికి పని ఆపేస్తామనటం బుజ్జగింపు కాదు, బెదిరింపు. ఆ మాట అన్నది ఎవరో, ఎప్పుడో, ఎవరి ముందో రాసి పెట్టుకోండి.

ఇక పక్క పేట సంగతి. ఒక పేటలో రాజీ కుదిరితే ఏమవుతుంది? అప్పటికే ఎఫ్ఐఆర్ పడి ఉంటే రాజీతో అది రద్దు కాదు. కేసు కోర్టుకి వెళ్తుంది. రాజీ ప్రకారం మనవాడు బోనెక్కి "నన్నెవరు కొట్టారో చీకట్లో చూడలేదు" అంటాడు. సాక్షులూ అదే మాట. కేసు కొట్టేస్తారు. ఊళ్ళో ఆ కథ అంతటితో అయిపోతుంది. కానీ కాగితాల్లో ఆ కేసు ఒక అంకె అవుతుంది. శిక్ష పడని కేసుల లెక్కలో చేరుతుంది. ఆ లెక్కలు పట్టుకుని టీవీల్లో, సభల్లో అంటారు: "చూశారా, ఎట్రాసిటీ కేసులన్నీ అబద్ధం. చట్టాన్ని దుర్వినియోగం చేస్తున్నారు." మన నోరు నొక్కినవాడే మన నోట నిజం రాలేదని సాక్ష్యం చెబుతాడు.

ఆ ప్రచారం ఎంత దూరం వెళ్ళిందో 2018లో చూశాం. మార్చి 20న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు, ఈ చట్టం దుర్వినియోగం అవుతోందంటూ, కేసు కట్టే ముందు డీఎస్పీ ప్రాథమిక విచారణ జరపొచ్చనీ, అరెస్టుకి ముందు పై అధికారి అనుమతి కావాలనీ అన్నారు. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ చేసింది. ఉత్తరాదిన మనవాళ్ళ ప్రాణాలు పోయాయి. ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షన్ చేర్చింది. ఎఫ్ఐఆర్‌కి ప్రాథమిక విచారణ అక్కర్లేదు, అరెస్టుకి ఎవరి అనుమతీ అక్కర్లేదు అన్నది. 2019 అక్టోబరు 1న సుప్రీంకోర్టే తన పాత ఆదేశాల్ని వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరి 10న 18ఎ చెల్లుతుందని చెప్పింది. ఆ సెక్షన్ మీద నెత్తురు ఉంది. అరుగు మీద రాజీ పడటమంటే ఆ నెత్తురుతో తెచ్చుకున్నదాన్ని ఇరవై వేలకో ముప్పై వేలకో తాకట్టు పెట్టటం.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. ఎట్రాసిటీ కేసుల్లో రాజీ అసలు చెల్లదని మనం అంటున్నాం. 2021 అక్టోబరులో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన ఒక భూతగాదా కేసులో సుప్రీంకోర్టు, గొడవ అసలు సొంత తగాదా అయి, కులం వల్ల జరిగింది కాదని తేలితే పై కోర్టులు రాజీని ఒప్పుకుని కేసు కొట్టెయ్యొచ్చు అన్నది. దీన్ని పట్టుకుని వకీళ్ళు వస్తారు. అదే తీర్పులో ఆ రాజీ బెదిరింపు వల్ల, బలవంతం వల్ల కుదిరింది కాదని కోర్టు చూసుకోవాలి అని కూడా ఉంది. మన పల్లెల్లో కామందు చేలో కూలికి వెళ్ళేవాడు, కామందు కొడుకుతో పడిన ఏ రాజీ బలవంతం లేనిది? ఆ మాట కోర్టులో చెప్పేవాడు కావాలి. చెప్పాలంటే కూడా ముందు మనిషి నిలబడాలి.

అందుకే మొదటి రోజు ముఖ్యం. కేసు గెలుపు ఓటములు చాలావరకు ఆ రోజు రాసిన కాగితంలోనే ఉంటాయి. కార్యకర్తలు ఇది చదివి వినిపించండి.

దెబ్బ తగిలిన మనిషిని ముందు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. దేంతో కొట్టారో, ఎక్కడ తగిలిందో డాక్టరు రాసేలా చెప్పండి. రక్తం అంటిన బట్టలు ఉతకొద్దు.

రిపోర్టు నోటితో చెప్పినా పోలీసులు రాసుకోవాలి. రాసింది చదివి వినిపించాలి. విన్నాకే సంతకం. ఎఫ్ఐఆర్ కాపీ డబ్బు తీసుకోకుండా అప్పుడే ఇవ్వాలి. మా పరిధి కాదు అనటానికి వీల్లేదు, ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టరు పోస్టులో పంపండి. అదీ కాకపోతే మెజిస్ట్రేటు ఉన్నాడు. తన పని కావాలని చెయ్యని అధికారికి ఈ చట్టం 4వ సెక్షన్‌లో ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు ఉంది. ఎస్సై గారితో మర్యాదగానే మాట్లాడండి, ఆ సెక్షన్ నంబరు మాత్రం గుర్తు చెయ్యండి.

రిపోర్టులో మన కులం, వాళ్ళ కులం, మన కులం వాళ్ళకి తెలుసన్న మాట ఉండాలి. ఏ మాటతో తిట్టారో ఆ మాటే ఉండాలి. రాయటానికి సిగ్గుపడొద్దు, సిగ్గు తిట్టినవాడిది. ఎక్కడ తిట్టారు, ఎవరు విన్నారు అన్నది ఉండాలి, ఎందుకంటే నలుగురూ చూసే చోట, వినే చోట జరిగితేనే ఆ తిట్టు ఈ చట్టం కిందకి వస్తుంది. నాలుగు గోడల మధ్య ఎవరూ లేనప్పుడు అన్న మాటకి ఆ సెక్షన్ పనికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

కులం సంగతి ఎందుకింత గట్టిగా చెబుతున్నామో ఆంధ్రప్రదేశ్ కేసే సాక్ష్యం. చూపులేని ఒక దళిత యువతి మీద అత్యాచారం చేసినవాడికి యావజ్జీవం సరైందేనని 2021 ఏప్రిల్లో సుప్రీంకోర్టు అన్నది. కానీ అట్రాసిటీ సెక్షన్ కింద వేసిన శిక్షని తీసేసింది. కులం కారణంగా చేశాడని విడిగా సాక్ష్యం పెట్టలేదు అన్నది. ఆ నేరం పాత సెక్షన్ ఉన్న రోజుల్లోది. 2016 నుంచి సెక్షన్ మారింది. పదేళ్ళూ అంతకు పైన శిక్ష పడే నేరం చేసినవాడు, ఎదుటి మనిషి ఎస్సీ అని తెలిసి చేస్తే చాలు, యావజ్జీవం పడుతుంది. బాధితుణ్ణి గానీ అతని ఇంటివాళ్ళని గానీ ముద్దాయి ఎరిగినవాడైతే కులం తెలిసే ఉంటుందని కోర్టు అనుకోవాలి అని 8వ సెక్షన్‌లో చేర్చారు. పల్లెటూళ్ళో ఎవరు ఏ పేటవాడో తెలియనివాడు ఎవడు? కానీ ఎరిగినవాడే అన్న ముక్క రిపోర్టులో లేకపోతే చట్టం ఎంత మంచిదైనా అందుకోలేదు.

జరిగింది మాత్రమే రాయించండి. కోపంలో అక్కడ లేనివాడి పేరు, వాడి తమ్ముడి పేరు, బావమరిది పేరు కలపొద్దు. ఒక్క అబద్ధపు పేరు పది నిజం పేర్లని బయటికి లాగేస్తుంది. అవతలివాళ్ళ వకీలు ఎదురు చూసేది దాని కోసమే.

దర్యాప్తు చెయ్యాల్సింది డీఎస్పీ. 60 రోజుల్లో ఛార్జిషీటు వెయ్యాలి. ముద్దాయికి ముందస్తు బెయిలు లేదని 18వ సెక్షన్ చెబుతోంది. మామూలు బెయిలు అడిగితే బాధితులకి తెలియజేసి వాళ్ళ మాట కూడా వినాలి. అది 15ఎ సెక్షన్. సాక్షికి రక్షణ, దారి ఖర్చులు అదే సెక్షన్‌లో ఉన్నాయి. ముఖ్యమైన సాక్షులు మెజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చేలా అడగండి. ఒకసారి అక్కడ చెప్పాక సాక్షిని తిప్పటం అంత తేలిక కాదు.

డబ్బు సంగతి. రాజీకి మన పేదరికమే పునాది. ఆసుపత్రి బిల్లు కట్టాలి, పనిలేదు, పిల్లలున్నారు. అలాంటప్పుడు వేలిముద్ర వేసినవాణ్ణి మేం తిట్టం. వాణ్ణి ఒంటరిగా వదిలేసిన పేటని అడుగుతాం. ప్రభుత్వం ఇవ్వాల్సిన సాయం ఉంది. 2016 నిబంధనల ప్రకారం హత్య అయితే కుటుంబానికి 8 లక్షల 25 వేలు, అందులో సగం పోస్టుమార్టం అయ్యాక, సగం ఛార్జిషీటు కోర్టుకి వెళ్ళాక. నలుగురిలో కులం పేరుతో తిట్టిన కేసులో లక్ష రూపాయలు, పావు వంతు ఎఫ్ఐఆర్ పడగానే. ఇది పెద్దమనుషుల దయ కాదు, కలెక్టరాఫీసులో మన పేరు మీద ఉండాల్సిన డబ్బు. అది వచ్చేదాకా? మన ఆడవాళ్ళకి ఓ అలవాటు ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు చర్చి కోసం పిడికెడు తీసి పక్కన పెడతారు. ఇంకో పిడికెడు కేసు కోసం తియ్యండి. నూరు గడప ఉన్న పేటలో రోజూ నూరు పిడికిళ్ళు లేస్తే, వాయిదాకి ఏలూరు వెళ్ళే సాక్షి ఇంట్లో పొయ్యి ఆరదు.

చర్చి మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 2025 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసు కొట్టేస్తూ, క్రైస్తవంలోకి మారినవాడు ఎస్సీ హోదా చెప్పుకుని ఈ చట్టం కింద కేసు పెట్టలేడు అన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దీనికి మూలం. దేవుడు మారినా తిట్టే నోరు మారలేదు, కొట్టే చెయ్యి మారలేదు. ఆ ఉత్తర్వు మీద పోరాటం వేరే ఉంది, అది సాగాలి. అంతవరకు ఒకటి మరిచిపోకండి. ఎట్రాసిటీ సెక్షన్ నిలవకపోయినా హత్య హత్యే, హత్యాయత్నం హత్యాయత్నమే. కులాన్ని బట్టి అయిదుగురో అంతకు మించో కలిసి మనిషిని చంపితే కొత్త న్యాయ సంహిత 103(2)లో మరణశిక్షో యావజ్జీవమో ఉంది. అది హతుడు ఏ ప్రార్థన చేస్తాడో అడగదు.

చివరిగా మనలో మన మాట. పేటలో మగవాడు తాగొచ్చి పెళ్ళాం తల పగలగొడితే మన పెద్దలు ఏం చేస్తున్నారు? మాలపేటకీ మాదిగపేటకీ కొట్లాట అయితే ఏం చేస్తున్నారు? అదే అరుగు, అదే తెల్లకాగితం. ఆ గొడవల్లో అత్యాచారాల చట్టం రాదు, మామూలు నేర చట్టం ఉంది. "ఇంటి గుట్టు, సర్దుకోవమ్మా" అని ఆ ఆడకూతురికి చెప్పే నోరు, "ఊరి గుట్టు, సర్దుకోరా" అని కామందు అన్నప్పుడు ఎదురు తిరగలేదు. లోపల రాజీ నేర్పిన పేట బయట నిలబడలేదు.

అన్నలారా, అక్కలారా! కారంచేడులో, చుండూరులో, వెంకటాయపాలెంలో మనలాంటి కూలి జనమే నిలబడ్డారు. వాళ్ళకి మనకంటే ఎక్కువ చదువు లేదు, ఎక్కువ చేను లేదు. వాళ్ళు వేలిముద్ర వెయ్యలేదు. ఈసారి మీ పేటకి తెల్లకాగితం వస్తే దాని వెనక్కి తిప్పి, కొట్టినవాడి పేరు, తేదీ, టైము, విన్న నలుగురి పేర్లు రాయండి. ఆ కాగితం పట్టుకుని పేట అంతా కలిసి స్టేషన్‌కి నడవండి. ఒక్కడే వెళ్తే వాడికి రాజీ చెబుతారు. నూరు మంది వెళ్తే ఎఫ్ఐఆర్ రాస్తారు.

జై భీమ్!